ఆలేరు నుంచి గ్రెనిచ్ దాకా: ఊరి పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగుపై ఒక విమర్శ

పరిచయం

ఇంగ్లీషు మాటలను నిఘంటువులో వెతకడం, ఉచ్చారణ గుర్తులను చదవడం మీకు ఇప్పటికే కొంత అలవాటై ఉంటుంది. అయితే కొన్ని మాటలు నిఘంటువులో దొరకవు. మరికొన్ని దొరికినా స్పెల్లింగును బట్టి పలికితే తప్పవుతాయి. ఊరి పేర్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఈ భాగంలో మన ఊళ్ల పేర్లను ఇంగ్లీషులో రాసిన పద్ధతులను, వాటిని వివరించిన ఒకటి రెండు గ్రంథాలను, ఇంగ్లీషు పేర్లను మనం తెలుగులో రాస్తున్న తీరును పరిశీలిస్తాం. ఏది ఎంతవరకు నమ్మదగినదో విచారిస్తాం. చదవడం పూర్తయ్యాక, ఒక స్పెల్లింగు ఎదురైనప్పుడు “ఇది ఎవరు, ఎవరి చెవి కోసం రాసినది?” అని మీరు ప్రశ్నించగలగాలి.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో తట్టలేదు. ఒక సంపర్క తరగతిలో ఆలేరు నుంచి వచ్చిన విద్యార్థి రెండు కాగితాలు నా ముందు పెట్టాడు. ఒకదానిలో అతని ఊరి పేరు ఏ-ఎల్-ఈ-ఆర్ అని ఉంది. రెండోదానిలో ఏ-ఎల్-ఏ-ఐ-ఆర్ అని ఉంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినచోట ఇవి రెండు వేర్వేరు ఊళ్లని అనుకున్నారట. “ఇంటర్వ్యూలో మా ఊరి పేరును ‘అలెయిర్’ అని చదివిండ్రు సార్. కాదని చెప్పాలంటే నాకే అనుమానమొచ్చింది” అన్నాడు. పుట్టి పెరిగిన ఊరి పేరును పలకడానికి ఆ ఊరి మనిషికే సందేహం రావడం చిన్న విషయం కాదు.

ఒక ఊరు, రెండు స్పెల్లింగులు

ఆలేరు ఒకప్పటి నల్లగొండ జిల్లాలోది. 2016 అక్టోబరు 11 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు మార్గంలో భువనగిరికీ జనగామకూ నడుమ వచ్చే స్టేషను. నిజాం కాలంలో ఈ లైను వరంగల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. ఊరితో పాటు అదే పేరుగల ఏరు కూడా ఉంది, అది మూసీ నదిలో కలుస్తుంది. కనుక పేరులోని రెండో సగం ఏమిటో వెతుక్కోవలసిన పని లేదు. అది ‘ఏరు’.

ఇప్పుడు స్పెల్లింగుల సంగతి చూద్దాం. శాసనసభ నియోజకవర్గం పేరు ఇంగ్లీషులో చివర ‘ఎయిర్’ ఉన్న పాత రూపంలోనే నడుస్తోంది. ఊరి పేరుగా ‘ఏ-ఎల్-ఈ-ఆర్’ కూడా వాడుకలో ఉంది. చదువుకున్నవాళ్లు చాలామంది మొదటిదాన్ని దొరల కాలపు అపభ్రంశమనీ, రెండోదే శుద్ధమనీ అంటారు. నేను దీనితో పూర్తిగా ఏకీభవించను.

పాత స్పెల్లింగు రాసినవాడికి తెలుగు లిపి తెలియకపోవచ్చు, కానీ చెవి ఉంది. ఇంగ్లీషులో ‘ఫెయిర్’, ‘చెయిర్’ వంటి మాటలు పలికేటప్పుడు వినిపించే అచ్చు మన ‘ఏ’కు దగ్గరగా ఉంటుంది, దీర్ఘంగా కూడా ఉంటుంది. ‘లేరు’ అన్న ధ్వనిని సాటి ఇంగ్లీషువాడికి అందించడానికి అతను తన భాషలో ఉన్న పనిముట్టునే వాడుకున్నాడు. ఇది ఒక్క ఆలేరుకే జరిగిన ముచ్చట కాదు. కొల్లేరును పాత ఇంగ్లీషు పుస్తకాల్లో సీ-ఓ-ఎల్-ఏ-ఐ-ఆర్ అని రాశారు. అక్కడా ‘ఏరు’ ‘ఎయిర్’ అయింది. రెండు దూరపు చోట్ల ఒకే ధ్వనికి ఒకే స్పెల్లింగు వచ్చిందంటే, ఆ రాతలో ఒక పద్ధతి ఉందన్నమాట. చివరి ‘ఉ’ పోయిందని కూడా దొరనే నిందించలేం. “ఆలేర్ల దిగిన”, “ఆలేర్ పోతున్న” అని మనవాళ్లూ అంటారు.

ఆ స్పెల్లింగుతో ముప్పు ఎక్కడ వచ్చిందంటే, రాసినవాడు పోయాక దాన్ని మనం చదవడం మొదలుపెట్టినప్పుడు. అతని చెవి మనకు లేదు. మనం అక్షరాలు కూడబలుక్కుని ‘అలెయిర్’ అంటాం. ఇంకొంచెం ముందుకు పోతే అందులో గాలి అనే ఇంగ్లీషు మాట కనిపిస్తుంది. నీటి పేరు కాస్తా గాలి పేరవుతుంది.

హంటర్ పద్ధతి: గుణం, లోపం

చెవికి తోచినట్టు రాసే ఈ అలవాటును సరిదిద్దడానికి పూనుకున్నవాడు విలియం విల్సన్ హంటర్. భారతదేశపు పేర్లను ఇంగ్లీషులో ఎలా రాయాలో చెబుతూ 1871లో కలకత్తాలో ఒక మార్గదర్శిని వెలువరించాడు. తరువాత అతను సంపాదకత్వం వహించిన ఇంపీరియల్ గెజెటీరులో ఆ పద్ధతి అమలైంది. ఒక్కో దేశీయ అక్షరానికి ఒక్కో రోమన్ అక్షరం, దీర్ఘానికి పైన గుర్తు, బాగా స్థిరపడిపోయిన కలకత్తా, బొంబాయి వంటి పేర్లకు మినహాయింపు. దీని గొప్పతనాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఒకే ఊరిని పదిమంది పది రకాలుగా రాసే గందరగోళానికి అది చాలావరకు అడ్డుకట్ట వేసింది.

కానీ ఆ పద్ధతి ఉత్తరాది భాషలను దృష్టిలో ఉంచుకుని తయారైంది. హిందుస్తానీలో ‘ఎ’, ‘ఒ’ అనే హ్రస్వాలకు వేరే అక్షరాలు లేవు. ఉన్నవి ‘ఏ’, ‘ఓ’ మాత్రమే. కనుక వాటి మీద దీర్ఘపు గుర్తు పెట్టవలసిన అవసరం హంటర్‌కు కనిపించలేదు. తెలుగుకు అది ప్రాణాంతకం. నెల వేరు, నేల వేరు. కొన వేరు, కోన వేరు. ఆ పద్ధతిలో రెండేసి మాటలూ ఒకే స్పెల్లింగులో కూలబడతాయి. పైగా రోజువారీ కార్యాలయపు రాతలో అచ్చుల మీది గుర్తులు, హల్లుల కింది చుక్కలు నిలవలేదు. టైపు మిషను మీద వాటికి చోటేది? గుర్తులు రాలిపోయాక కల, కళ ఒకటయ్యాయి. వాడు, వాదు ఒకటయ్యాయి.

ఆలేరుకు దీన్ని వర్తింపజేయండి. గుర్తులన్నీ పోగా మిగిలింది ఏ-ఎల్-ఈ-ఆర్. ఊరు తెలియనివాడు దీన్ని అలెర్ అనవచ్చు, ఆలెర్ అనవచ్చు, ఏలర్ అనవచ్చు, ఆలేర్ అని కూడా అనవచ్చు. పాత స్పెల్లింగు ఇంగ్లీషువాడికైనా ‘ఏ’ దీర్ఘాన్ని చెప్పింది. కొత్తది ఎవరికీ చెప్పదు. పేరు తెలిసినవాడికి మాత్రమే గుర్తుచేస్తుంది. ఈ ఒక్క విషయంలో పాత స్పెల్లింగే మేలు.

కడప విషయంలోనూ ఇంతే. 2005లో ప్రభుత్వం ఆ జిల్లా పేరు ఇంగ్లీషు స్పెల్లింగును మార్చింది. సీ-యూ-డీ-డీ అని మొదలయ్యే పాత రూపాన్ని చూసి నవ్వుకున్న తరం మాది. అందులోని ‘యూ’ ‘కట్’ అనే ఇంగ్లీషు మాటలో లాగా ‘అ’కు బదులుగా వచ్చింది. రెండు ‘డీ’లు ముందున్న అచ్చు పొట్టిదని చెప్పాయి. చివరి ‘హెచ్’ పేరు అచ్చుతో ముగుస్తుందని చెప్పింది. ఆరు అక్షరాల కొత్త రూపం మన కంటికి ఇంపుగా ఉంది, న్యాయమైనది కూడా. కానీ బయటివాడు దాన్ని ‘కాదపా’ అంటే అతన్ని తప్పుపట్టడానికి ఆ అక్షరాల్లో ఆధారం లేదు. భూగర్భ శాస్త్రంలో ఆ ప్రాంతపు శిలా సముదాయానికి పాత స్పెల్లింగే నిలిచి ఉంది. కనుక మీరు రెంటినీ గుర్తుపట్టగలగాలి.

ఉర్దూ జల్లెడ

కోస్తా, రాయలసీమ పేర్లు ఎక్కువగా తెలుగు నోటి నుంచి నేరుగా ఇంగ్లీషు చెవికి చేరాయి. హైదరాబాదు సంస్థానంలో నడుమ ఇంకొక జల్లెడ ఉంది. అది ఉర్దూ లిపి. ఈ సంగతిని పట్టించుకోకుండా మన ప్రాంతపు పేర్లను విమర్శించబోతే పొరపాటు పడతాం. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. ‘ళ’, ‘ణ’లకు చోటు లేదు. ‘వావ్’ అనే ఒకే అక్షరాన్ని సందర్భాన్ని బట్టి ‘వ’ అనీ, ‘ఊ’ అనీ, ‘ఓ’ అనీ చదువుతారు.

ఈ ‘వావ్’ చేసిన పని చూడండి. భువనగిరి కోటను చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపెట్టి చెబుతారు. ఆ పేరును ఉర్దూలో రాస్తే ‘వ’ స్థానంలో వావ్ వస్తుంది. దాన్ని ‘ఓ’గా చదివితే భోన్‌గిర్. ఇంగ్లీషులోకి వెళ్లింది ఆ రూపమే. జనం నోటిలోని ‘బోనగిరి’ కూడా ఇందుకు తోడ్పడి ఉంటుంది. ఇక ఓరుగల్లు. అక్కడ మొదటి ‘ఓ’ కోసం రాసిన వావ్‌ను ‘వ’గా చదివితే వరంగల్‌కు దారి పడుతుంది. ఒకచోట ‘వ’ ‘ఓ’ అయింది, ఇంకొకచోట ‘ఓ’ ‘వ’ అయింది. రెంటికీ అదే అక్షరం కారణమని నా అభిప్రాయం.

ద్విత్వాల గతి ఇంకా అన్యాయం. నల్లగొండలో ఉన్నది నలుపు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ‘ఎల్’, ఒక అచ్చు పోయి ‘నల్గొండ’ అయ్యేసరికి, నాలుగు కొండలున్నాయేమో అని కొత్తవాడు లెక్కపెట్టడానికి సిద్ధమవుతాడు. గొల్లకొండ కూడా గోల్కొండగా మారి, ఉర్దూ తెలిసినవాడికి ‘గోల్’ అంటే గుండ్రని కొండగా తోచింది. గొల్లవాడు పేరులోంచి తప్పుకున్నాడు.

అర్థాల విషయంలో మనవాళ్లు చేసే తొందరపాటును కూడా ఇక్కడే చెప్పాలి. ఆలేరుకు దగ్గరలోని కొలనుపాకను చూడండి. జైన యాత్రికులు దాన్ని కుల్పాక్‌జీ అంటారు. వాళ్ల రూపం అపభ్రంశమనీ, కొలను పక్కన పాకలున్నందువల్లే కొలనుపాక అయిందనీ చెప్పేవారున్నారు. వినడానికి చక్కగానే ఉంది. అయితే కల్యాణి చాళుక్యుల నాటి శాసనాలలో ఆ ఊరు ‘కొల్లిపాక’. అక్కడ కొలను లేదు. అంటే ఈనాటి తెలుగు రూపం కూడా తరువాతి కాలంలో ఎవరో తమకు అర్థమయ్యేటట్టు దిద్దుకున్నదే కావచ్చు. దొర చేస్తే అపభ్రంశం, మనం చేస్తే వ్యుత్పత్తి అనడం విమర్శ కాదు. ఒక పేరుకు అర్థం చెప్పే ముందు దొరికిన రూపాలలో అతి పాతదాన్ని చూడాలి. ఆలేరులోని మొదటి సగానికి ‘ఆలు’ అనో ‘ఆల’ అనో తోచిన అర్థం అంటగట్టేవారికి కూడా ఇదే నియమం.

ఇంగ్లీషులో తప్పిపోయిన తెలుగు మాటలు

హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ 1886లో వెలువడింది. భారతదేశంలోని ఇంగ్లీషువారి మాటల్లో కలిసిపోయిన దేశీయ పదాల కోశం ఇది. దాని పేరే మన విషయానికి మంచి ఉదాహరణ. మొహర్రం ఊరేగింపులో వినిపించే “యా హసన్, యా హుసేన్” అన్న రోదన సిపాయి దొరల చెవిలో అలా పడింది. ఏడుపును రెండు ఇంగ్లీషు ఇంటిపేర్లుగా మార్చుకున్న ఆ చెవిని, పుస్తకానికి పేరుగా పెట్టుకునేంత నిజాయితీ సంపాదకులకు ఉంది. ఆ గ్రంథపు బలం ఏమిటంటే, ప్రతి మాటకూ ఎవరు, ఏ సంవత్సరంలో, ఎలా రాశారో వరుసగా చూపుతుంది. స్పెల్లింగు ఎలా నడిచి వచ్చిందో మన కళ్లకు కడుతుంది. బలహీనత ఏమిటంటే, మన భాషను మాటలు ఏరుకునే గంపగానే చూస్తుంది. ఆ మాట తెలుగులో ఎలా బతుకుతోందో దానికి పట్టదు.

‘బాండికూట్’ అనే మాట ఇంగ్లీషు పాఠంలో కనబడితే మన విద్యార్థి దాన్ని ఏదో విదేశీ జంతువనుకుంటాడు. అది పందికొక్కు. గింజల బస్తాల వెనుక గుంతలు తవ్వే మన పందికొక్కే. ‘పంది’ బాండి అయింది, ‘కొక్కు’ కూట్ అయింది. ఆ పేరును ఇంగ్లీషువారు ఆస్ట్రేలియాకు కూడా తీసుకుపోయి, అక్కడ పొట్టసంచిలో పిల్లలను మోసే వేరే జంతువుకు పెట్టారు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తీసి పందికొక్కుకు ఇంగ్లీషు అర్థం చూస్తే మళ్లీ బాండికూట్ అనే ఉంటుంది. మాటకు ఆ మాటే అర్థం! దీన్ని పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది.

గోడౌన్ సంగతి కాస్త జటిలం. కిందికి దిగే చోటు కనుక ఆ పేరు వచ్చిందని ఇంగ్లీషు తెలిసినవారు సులువుగా చెప్పేస్తారు. హాబ్సన్-జాబ్సన్ దానికి మలయా మాటను చూపి, పక్కనే తమిళ ‘కిడంగు’నూ తెలుగు ‘గిడ్డంగి’నీ ఉంచింది. గిడ్డంగిని పాతమాటగా పక్కనబెట్టి గోడౌన్‌ను ఆధునికమనుకుంటున్న మనం ఆ పుట ఒకసారి చదవాలి.

గోల్కొండ ఇంగ్లీషులో చిన్న అక్షరంతో కూడా రాస్తారు. అప్పుడు దాని అర్థం తరగని సంపద, నిధి. ఊనిక రెండో అక్షరం ‘కాన్’ మీద. అయితే వజ్రాలు తవ్వినది ఆ కొండలో కాదు, కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి చోట్ల. గోల్కొండ వాటి వ్యాపారానికి కేంద్రం, రాజ్యానికి రాజధాని. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే ఆ గనిని వర్ణిస్తూ, దేశభాషలో దాని పేరు ‘గని’ అని రాసుకున్నాడు. ఎవరినో “ఇదేమిటి?” అని అడిగి ఉంటాడు. “గని” అని సరైన జవాబే వచ్చి ఉంటుంది. ఇక్కడ ఉచ్చారణ తప్పలేదు, స్పెల్లింగూ తప్పలేదు. సామాన్య నామం విశేష నామమైపోయింది.

మన భాష పేరుకే ఒకప్పుడు ఈ గతి పట్టింది. మద్రాసు ఇంగ్లీషువారు తెలుగును ‘జెంటూ’ అన్నారు. అన్యమతస్థుడు అనే అర్థమిచ్చే పోర్చుగీసు మాట నుంచి వచ్చినదది. 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ వ్యాకరణం శీర్షికలో తెలుగు పేరుతో పాటు ఈ మాట కూడా ఉంది. పాత ఇంగ్లీషు గ్రంథాలు చదివేటప్పుడు ఇది తెలియకపోతే అవి మన గురించే మాట్లాడుతున్నాయని కూడా తెలియదు.

మనం చేస్తున్న తప్పు

ఇక త్రాసును రెండోవైపు తిప్పుదాం. ఇంగ్లీషు పేర్లను తెలుగు లిపిలో రాసే మన పుస్తకాలు, పత్రికలు, ఇలాంటి పాఠాలు కూడా, మెరుగ్గా ఏమీ లేవు. భూగోళం పుస్తకంలో సున్నా రేఖాంశం పోయే చోటును ‘గ్రీన్‌విచ్’ అనీ ‘గ్రీనిచ్’ అనీ చదువుకున్నాం. రెండోది సగం దారి వచ్చింది. ‘డబ్ల్యూ’ పలకదని గ్రహించింది కానీ, మొదటి అచ్చు హ్రస్వమని గ్రహించలేదు. అది గ్రెనిచ్. అదే తీరులో నారిచ్, వారిక్. చివరిలో ‘విచ్’ అని రాసే భాగానికి పాత ఇంగ్లీషులో నివాసం, వర్తక స్థలం అనే అర్థాలున్నాయి. మన ‘వాడ’, ‘పేట’లకు దగ్గర.

‘సెస్టర్’ అని రాసి ‘స్టర్’ అని పలికే పేర్లు ఇంకొక గుంపు. లెస్టర్, గ్లాస్టర్, వుస్టర్. ఆ చివరి భాగం లాటిన్‌లో సైనిక శిబిరానికి ఉన్న మాట నుంచి వచ్చింది. రోమన్ దండు దిగిన చోట్లు అవి. మన జిల్లాలోనే ‘దండు’తో మొదలయ్యే దండుమల్కాపురం ఉంది కదా, దాన్ని గుర్తుపెట్టుకుంటే వాటి తీరు మరిచిపోరు. ఎడిన్‌బర్గ్ అని మనం రాసేది ఎడిన్‌బరా. ష్రూస్‌బరీని ఆ ఊరివాళ్లలోనే కొందరు ష్రోస్‌బరీ అంటారు. కనుక ఇంగ్లీషువారికి అంతా తేటతెల్లం అనుకుని బెంగపడకండి.

అమెరికాకు వెళ్లే మన పిల్లలకు తగిలేవి మరికొన్ని. టెక్సస్‌లోని నగరం హ్యూస్టన్, న్యూయార్కులో అదే స్పెల్లింగుగల వీధి హౌస్టన్. ఈజిప్టు రాజధాని కైరో, ఇలినోయ్ రాష్ట్రంలోని ఊరు కేరో. ఇలినోయ్‌లో చివరి ‘ఎస్’ పలకదు. ఆర్కన్సాలోనూ పలకదు. ఆర్కన్సా చట్టసభ 1881లో తమ రాష్ట్రం పేరు ఎలా పలకాలో తీర్మానమే చేసింది. మన చట్టసభలు, ప్రభుత్వాలు స్పెల్లింగును మార్చాయి, ఉచ్చారణను ఎప్పుడూ తీర్మానించలేదు. తెలుగు లిపి ఉండగా ఆ అవసరం లేదనుకున్నారేమో.

తెలుగు లిపిలో ఉచ్చారణ ఇచ్చే పదసూచికల అసలు లోపం ఊనిక చూపకపోవడం. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు సగం నలిగిపోతుంది. ‘బర్మింగ్‌హామ్’ అని ప్రతి అక్షరానికీ సమాన గౌరవమిచ్చి చదివితే వినేవాడు ఆగిపోతాడు. వాళ్లకు అది ‘బర్మింగమ్’. ఊనిక పడే అక్షరం కింద ఒక గీత గీస్తే చాలు, సగం బాధ తీరుతుంది. ఇన్నేళ్లుగా మన పదసూచికల్లో ఆ గీత గీయనందుకు నాతో సహా పాఠ్య రచయితలం జవాబు చెప్పుకోవాలి.

ఆలేరు విద్యార్థికి ఆ రోజు నేను చెప్పినది ఇది. ఉన్న సర్టిఫికెట్లలో స్పెల్లింగు దిద్దించడానికి తిరగొద్దు. దరఖాస్తులో సర్టిఫికెట్‌లో ఉన్న రూపాన్నే రాసి, పక్కన రెండో రూపాన్నీ, వీలుంటే తెలుగు లిపిలో ‘ఆలేరు’ అనీ చేర్చు. స్టేషను బోర్డు మీది తెలుగు వరుసలో మాత్రమే దీర్ఘమైన ‘ఆ’, దీర్ఘమైన ‘ఏ’, చివరి ‘రు’ మూడూ ఉన్నాయి. హిందీ వరుస కూడా రెండు దీర్ఘాలను దక్కించుకోగలదు. ఎవరైనా ‘అలెయిర్’ అంటే “ఆలేరు అండీ” అని ఒక్కసారి పలికి చూపు. వాళ్లు దిద్దుకుంటారు.

అభ్యాసం

1. మీ ఊరి పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తున్నారో మీ ఇంట్లోని రేషను కార్డు, పాసుపుస్తకం, సర్టిఫికెట్లు, బస్సు బోర్డులు చూసి రాయండి. ప్రతి రూపంలో పోయిన దీర్ఘాలు, ద్విత్వాలు, ‘ళ’, ‘ణ’ వంటి అక్షరాలు ఏవి?

2. నెల్లూరు, గుంటూరు, చిత్తూరు మూడింటి చివరా ఉన్నది ‘ఊరు’. ఇంగ్లీషులో మూడు రకాలుగా ఎందుకు రాశారు? ‘నెల్లోర్’ అన్న పలుకుబడి ఎక్కడి నుంచి వచ్చిందో చర్చించండి.

3. జనగామ, రాయగిరి, మోత్కూరు పేర్లలో ఒకదాన్ని తీసుకుని, ఊరి పెద్దలు చెప్పే అర్థాన్ని రాయండి. దాన్ని ఒప్పుకోవడానికి ఇంకా ఏ ఆధారం కావాలో సూచించండి.